ప్రీ-సెల్ పేజీ నుంచి క్లిక్కులు బాగానే వెళ్తున్నాయి, అమ్మకాలే లేవు. పేజీలో ఏం మార్చాలి?

సింధూర_లింక్స్:

అందరికీ నమస్కారం. ఫోటోలు, వీడియోలు దాచుకునే ఒక ఆన్‌లైన్ బ్యాకప్ సర్వీస్‌ని అఫిలియేట్‌గా ప్రమోట్ చేస్తున్నాను. 14 రోజుల ఉచిత ట్రయల్ ఉంది, కానీ ట్రయల్‌కి కమీషన్ రాదు. ట్రయల్ అయ్యాక ఏడాది చందా కడితేనే వస్తుంది. ట్రాఫిక్ కొంత సెర్చ్ యాడ్స్ నుంచి, కొంత సోషల్ ఫీడ్ యాడ్స్ నుంచి వస్తోంది. రెండూ ఒకే ప్రీ-సెల్ పేజీకి (కంపెనీ అమ్మకపు పేజీకి పంపే ముందు నేను చూపించే సొంత పేజీకి) చేరతాయి.

ఇప్పుడు పేజీలో ఒక హెడ్‌లైన్, ఎనిమిది బుల్లెట్లలో సర్వీస్ లాభాలు, కంపెనీ ఇచ్చిన బ్యానర్లు, మూడు చోట్ల "ఇప్పుడే మొదలుపెట్టండి" బటన్ ఉన్నాయి. పేజీకి వచ్చినవాళ్లలో సగానికి పైగా బటన్ నొక్కుతున్నారు. అలా వెళ్లిన నూరుమందిలో కొనేవాళ్లు ఒక్కరు కూడా తేలడం లేదు.

పేజీ ఎంత పొడవుండాలి, ఏది ముందు చెప్పాలి, రెండు రకాల ట్రాఫిక్‌కి ఒకే పేజీ సరిపోతుందా, మధ్యలో ఈమెయిల్ అడగాలా, ఇవీ నా ప్రశ్నలు.

---

అక్షర_కాపీ:

సింధూర గారూ, మీ పేజీ బటన్ నొక్కించడానికి రాసినట్టుంది, ఆ పని అది చక్కగా చేస్తోంది. ఇబ్బంది అక్కడే ఉంది. ప్రీ-సెల్ పేజీకి సీటీఆర్ (వచ్చినవాళ్లలో బటన్ నొక్కినవాళ్ల శాతం) సరైన కొలత కాదండి. పేజీకి వచ్చిన ఒక్కో మనిషికి సగటున ఎంత కమీషన్ పడిందో చూడాలి. వెయ్యి మంది వచ్చారనుకుందాం. ఒక పేజీ 50 శాతం మందిని అవతలికి పంపింది, వాళ్లలో 1 శాతం కొన్నారు: 5 అమ్మకాలు. ఇంకో పేజీ 30 శాతం మందినే పంపింది, వాళ్లలో 4 శాతం కొన్నారు: 12 అమ్మకాలు. సీటీఆర్ ఒక్కటే చూసేవాళ్లు ఈ రెండో పేజీని తీసిపారేస్తారు.

సగం మంది నొక్కుతున్నారంటే, మీ పేజీలో దొరకనిదేదో అవతల ఉంటుందని వెళ్తున్నారు. ఎక్కువగా ధర, లేదా అసలు ఇదేమిటన్న సంగతి. అక్కడా అవే ఎనిమిది లాభాలు కనిపిస్తాయి, ఎందుకంటే మీ బుల్లెట్లు బహుశా ఆఫర్ పేజీ (కంపెనీ అమ్మకపు పేజీ) నుంచే వచ్చి ఉంటాయి. చదివిందే మళ్లీ చదివి వెనక్కి వచ్చేస్తారు. ఆఫర్ పేజీ చెప్పని మాట, చెప్పలేని మాట మీ పేజీ చెప్పాలి.

రాయడానికి ముందు ఒక పూట ఇలా కూర్చోండి. ఆఫర్ పేజీ ఫోన్‌లో తెరిచి డబ్బు కట్టే మెట్టు దాకా వెళ్లండి. మొదట ఏం చెబుతున్నారు, ధర ఎక్కడ కనిపిస్తుంది, ట్రయల్‌కి కార్డ్ అడుగుతున్నారా, రద్దు చేయడం ఎలా, డబ్బు వాపసు ఎన్ని రోజుల్లో, ఏ ప్లాన్ ముందే టిక్ పెట్టి ఉంది, అన్నీ రాసుకోండి. తర్వాత యాప్ స్టోర్‌లో ఆ సర్వీస్ రివ్యూలు, పోటీ సర్వీసుల రివ్యూలు చదవండి. రెండు, మూడు నక్షత్రాలవి ముఖ్యం. ఐదు నక్షత్రాల్లో పొగడ్త, ఒక నక్షత్రంలో కోపం ఎక్కువ ఉంటాయి. మధ్యవాటిలో మనిషి ఏం ఆశించి వచ్చాడో, ఎక్కడ ఆగిపోయాడో అతని మాటల్లోనే దొరుకుతుంది. మీ ఉపశీర్షికలు ఆ మాటల్లోంచే రావాలి.

మీ ఆఫర్ వరకు అసలు విషయం సింక్‌కీ బ్యాకప్‌కీ ఉన్న తేడా. ఫోన్ గ్యాలరీ క్లౌడ్‌తో సింక్ అవుతోంది కాబట్టి ఫోటోలు భద్రమేనని చాలామంది నమ్ముతారు. సింక్ అంటే రెండు చోట్లా ఒకటే స్థితి ఉంచడం. ఫోన్‌లో డిలీట్ చేస్తే క్లౌడ్‌లోనూ పోతుంది. గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ అయిన ఫోటో ట్రాష్‌లో 60 రోజులుంటుంది, ఐక్లౌడ్ ఫోటోస్‌లో అయితే 30 రోజులు. ఆ తర్వాత తిరిగి రాదు. ఈ తేడా అర్థమైనవాళ్లకి బ్యాకప్ ఎందుకో వేరే చెప్పక్కర్లేదు, అర్థం కానివాళ్లకి ఎనిమిది బుల్లెట్లు ఇచ్చినా లాభం లేదు. దీనికి 200–250 పదాలు కేటాయించండి. కంపెనీ బ్యానర్ తీసేసి, ఫోన్ నుంచి క్లౌడ్‌కి బాణాలు ఎటు వెళ్తాయో చూపే చిన్న బొమ్మ మీరే గీసి పెట్టండి.

ఇక వరస. పైన యాడ్‌లో వాడిన మాటే, వీలైతే అక్షరం మారకుండా. యాడ్‌లో "డిలీటైన ఫోటోలు" అని, పేజీలో "డిజిటల్ జీవితానికి భద్రత" అని ఉంటే తప్పు చోటికి వచ్చామనుకుని వెళ్లిపోతారు. దాని కింద చదివేవాళ్ల పరిస్థితి మూడు నాలుగు వాక్యాల్లో. ఆపైన సింక్-బ్యాకప్ వివరణ. ఆ తర్వాత వాళ్లు ఇప్పటికే చేస్తున్నదేమిటి, అది ఎక్కడ ఆగిపోతుంది. ఎక్స్‌టర్నల్ డిస్క్ మంచిదే, కానీ కంప్యూటర్ ఉన్న గదిలోనే ఉంటే దొంగతనమైనా నిప్పైనా రెండిటినీ కలిపే తీసుకుపోతుంది. 3-2-1 నియమం ఇక్కడ పనికొస్తుంది: మూడు కాపీలు, రెండు రకాల మాధ్యమాల మీద, ఒకటి వేరే చోట. డిస్క్ వాడేవాళ్లని తక్కువ చేయకండి. వాళ్ల డిస్క్ రెండో కాపీ, మీ ఆఫర్ మూడోది, అంతే.

సర్వీస్ పేరు ఇక్కడ మొదటిసారి రావాలి, అంటే పేజీలో దాదాపు సగం అయ్యాక. ఇది సోషల్ నుంచి వచ్చేవాళ్ల కోసం. పేరు వెతుక్కుంటూ సెర్చ్ నుంచి వచ్చినవాళ్లకి మొదటి లైన్లోనే ఉండాలి. అందుకే మీకు రెండు పేజీలు కావాలి.

పేరు చెప్పిన వెంటనే దాని పరిమితి చెప్పండి. అమ్మకాలు పెంచే భాగం ఇదే, చాలామంది భయపడి వదిలేసేదీ ఇదే. ఉదాహరణకి మొదటి అప్‌లోడ్. 200 జీబీ ఫోటోలు, సెకనుకు 10 మెగాబిట్ల అప్‌లోడ్ వేగం ఉంటే, 200ని 8తో, 1000తో హెచ్చవేసి 10తో భాగించండి: 1,60,000 సెకన్లు, అంటే సుమారు 44 గంటలు ఆగకుండా. మధ్యలో ఫోన్ నిద్రపోయినా వైఫై తెగినా ఇంకా ఎక్కువ. ఇది తెలియకుండా ట్రయల్ మొదలుపెట్టిన మనిషి మూడో రోజుకీ "ఇంకా అప్‌లోడ్ అవుతూనే ఉంది" అనుకుని రద్దు చేస్తాడు. మీకు కమీషన్ చందా కట్టినప్పుడే కాబట్టి ఆ రద్దు మీ జేబులోంచే పోతుంది. ముందే చెబితే రాత్రిళ్లు చార్జర్ పెట్టి వదిలేస్తాడు.

తర్వాత ఇది ఎవరికి అక్కర్లేదో రెండు లైన్లు. మొత్తం ఫోటోలు 5 జీబీ కూడా లేనివాళ్లు, ఇప్పటికే వేరే చోట ఒక కాపీ ఉన్నవాళ్లు డబ్బు పెట్టనవసరం లేదు. చివర్లో, బటన్ నొక్కితే తర్వాతి పేజీలో ఏం కనిపిస్తుందో చెప్పండి.

పొడవు 600 నుంచి 900 పదాల మధ్య చాలు. పొడవుని నిర్ణయించేది కొనేవాడికి ఉన్న భయం. తక్కువ ధర, తేలికగా రద్దయ్యే ఆఫర్‌కి 400 పదాలు సరిపోతాయి. ఏడాది డబ్బు ఒకేసారి కట్టేవాటికి ఇంకొంచెం కావాలి.

---

ట్రాకింగ్_దారి:

అక్షర గారు చెప్పిన కాపీ మార్పులతో ఏకీభవిస్తాను. కానీ అమ్మకాలు నిజంగా రావడం లేదా, వచ్చి లెక్కలోకి చేరడం లేదా అన్నది ముందు తేల్చుకోవాలి.

మొదటిది, ఆలస్యం. 14 రోజుల ట్రయల్ తర్వాతే కమీషన్ అంటే ఈ రోజు కనిపించే అమ్మకం కనీసం రెండు వారాల కిందటి క్లిక్‌ది. ఈ వారం క్లిక్కుల్ని ఈ వారం అమ్మకాలతో భాగిస్తే, ట్రాఫిక్ పెంచుతున్న కొద్దీ శాతం అబద్ధంగా తగ్గుతుంది. క్లిక్ పడిన తేదీని బట్టి గుంపులు చేసి, ఒక్కో గుంపుకి మూడు వారాలు నిండాకే లెక్క కట్టండి. ట్రయల్ మొదలైన సంఖ్యని కూడా అఫిలియేట్ నెట్‌వర్క్ (మీ క్లిక్కులు, కమీషన్లు లెక్కగట్టే మధ్యవర్తి) చూపిస్తుందేమో అడగండి. ట్రయళ్లు బాగా ఉండి చందాలు లేకపోతే లోపం ఒక చోట, ట్రయళ్లే లేకపోతే ఇంకో చోట.

రెండోది, సబ్‌ఐడీలు, అంటే క్లిక్ ఎక్కడి నుంచి వచ్చిందో తెలియడానికి లింక్‌కి చేర్చే గుర్తులు. ప్రతి బటన్‌కి, ప్రతి ట్రాఫిక్ మూలానికి వేరేగా ఇవ్వండి. సెర్చ్ పై బటన్, సెర్చ్ చివరి బటన్, సోషల్ పై బటన్, ఇలా. చిన్న ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, హైఫన్ తప్ప ఖాళీలు, వేరే గుర్తులు పెట్టకండి, కొన్ని సిస్టమ్‌లు అక్కడితో కత్తిరించేస్తాయి. లింక్ కురచ చేసే ప్లగిన్, దాని మీద ఇంకో రీడైరెక్ట్ ఉంటే ప్రతి మలుపులోనూ ఆ సబ్‌ఐడీ రాలిపోవచ్చు. బటన్ నొక్కి చివర తెరుచుకున్న యూఆర్ఎల్‌లో మీ ఐడీ ఉందో లేదో చూడండి. నెట్‌వర్క్ దాన్ని మధ్యలోనే చదివేసుకుని చివర్లో చూపించకపోతే క్లిక్ రిపోర్ట్‌లో ఆ సబ్‌ఐడీ పడిందో లేదో చూడండి. పరీక్ష కోసమని మీ లింక్‌తో మీరే కొనకండి, చాలా ప్రోగ్రాముల్లో అది నిషిద్ధం. అఫిలియేట్ మేనేజర్‌ని టెస్ట్ కన్వర్షన్ (పరీక్ష కోసం ఉత్తుత్తి అమ్మకం) నడపమనండి.

మూడోది, బ్రౌజర్లు. సఫారీ 2020 మార్చి నుంచి థర్డ్-పార్టీ కుకీలన్నిటినీ (తెరిచిన సైట్ కాక వేరే సైట్ బ్రౌజర్‌లో దాచే గుర్తుల్ని) అడ్డుకుంటోంది. నెట్‌వర్క్ ఇంకా అలాంటి కుకీ మీదే ఆధారపడితే ఐఫోన్ అమ్మకాలు మీ ఖాతాలో పడవు. పరికరం వారీగా రిపోర్ట్ తీయండి. ఆండ్రాయిడ్‌లో అమ్మకాలుండి ఐఫోన్‌లో సున్నా ఉంటే కాపీ మార్చి ప్రయోజనం లేదు. సర్వర్ నుంచి సర్వర్‌కి వెళ్లే పోస్ట్‌బ్యాక్ ట్రాకింగ్ ఉందా అని అడగండి.

సగానికి పైగా సీటీఆర్‌కి ఇంకో కారణం ఉండొచ్చు: పొరపాటు నొక్కుళ్లు. బ్యానర్ ఆలస్యంగా లోడై బటన్ కిందికో పైకో జరిగితే, స్క్రోల్ చేస్తున్న వేలు దాని మీద పడుతుంది. చిత్రాలన్నిటికీ వెడల్పు, ఎత్తు కోడ్‌లోనే ఇవ్వండి. గూగుల్ పేజీ నాణ్యత కొలతలైన కోర్ వెబ్ వైటల్స్‌లో లేఅవుట్ షిఫ్ట్ (పేజీలో భాగాలు ఎంత జరుగుతాయన్న కొలత) 0.1 దాటకూడదు, ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలి, నొక్కితే స్పందన 200 మిల్లీసెకన్లలోపు రావాలి.

లాభనష్టాల గీత ఎక్కడుందో కూడా చూసుకోండి. యాడ్ క్లిక్ ఖర్చుని కమీషన్‌తో భాగిస్తే చాలు. క్లిక్ 0.60, కమీషన్ 40 అయితే పేజీకి వచ్చినవాళ్లలో 1.5 శాతం కొంటేనే పెట్టుబడి తిరిగొస్తుంది. అక్షర గారి ఉదాహరణలోని మంచి పేజీ కూడా వెయ్యికి 12 దగ్గరే ఉంది, అంటే ఈ ధరల దగ్గర నష్టమే. అప్పుడు క్లిక్ ఖర్చు తగ్గే కీవర్డ్‌లు వెతకాలి, లేదా వేరే ఆఫర్ చూడాలి.

---

నియమం_ముందు:

ఇప్పుడున్న పేజీతో సెర్చ్ యాడ్స్ నడపడమే ప్రమాదం. జనాన్ని వేరే చోటికి పంపడానికి మాత్రమే తయారైన పేజీలని గూగుల్ యాడ్స్ ఒప్పుకోదు, తగినంత సొంత విషయం లేదని తిరస్కరిస్తుంది. కంపెనీ బుల్లెట్లు, కంపెనీ బ్యానర్లు, మూడు బటన్లు అంటే సరిగ్గా ఆ నిర్వచనమే. సొంత వివరణ, సొంత బొమ్మ, సొంత స్క్రీన్‌షాట్లు వస్తే ఇదీ తీరుతుంది.

కమీషన్ సంగతి మొదటి లింక్ కంటే ముందే, మామూలు అక్షరాల్లో చెప్పండి: "ఈ పేజీలోని లింక్ ద్వారా మీరు చందా కడితే మాకు కమీషన్ వస్తుంది." ఫుటర్‌లో లేత రంగులో దాస్తే చాలదు. అమెరికా పాఠకులు వస్తుంటే అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇది స్పష్టంగా, తేలిగ్గా కంటపడేలా ఉండాలంటుంది. నకిలీ రివ్యూలని నిషేధించే దాని నియమం 2024 అక్టోబర్ నుంచి అమల్లో ఉంది, జరిమానాలు కూడా వేయగలదు. కాబట్టి వాడనివాళ్ల పేరుతో అభిప్రాయాలు, ఎలా లెక్కగట్టారో చెప్పని నక్షత్రాలు వద్దు. పేజీ తెరిచిన ప్రతిసారీ మొదటికొచ్చే కౌంట్‌డౌన్ గడియారం కూడా వద్దు. అది అబద్ధం, చదివేవాళ్లు రిఫ్రెష్ చేస్తే తెలిసిపోతుంది.

లింక్‌ల కోడ్‌లో రెల్ విలువగా స్పాన్సర్డ్ (ఇది డబ్బు వచ్చే లింక్ అని సెర్చ్ ఇంజిన్‌కి చెప్పే గుర్తు) పెట్టండి, గూగుల్ 2019 సెప్టెంబర్ నుంచి దీన్ని గుర్తిస్తోంది. ధర అంకెల్లో రాయకండి, కంపెనీ మార్చిన రోజున మీ పేజీ తప్పు చెబుతుంది. కంపెనీ పేరునే కీవర్డ్‌గా పెట్టి యాడ్ ఇవ్వడాన్ని చాలా ప్రోగ్రాములు నిషేధిస్తాయి. మీ సెర్చ్ ట్రాఫిక్‌లో అలాంటిది ఉంటే ఒప్పందం ఒకసారి చదవండి, వచ్చిన కమీషన్ కూడా వెనక్కి తీసుకుంటారు.

---

సింధూర_లింక్స్:

చాలా ఉపయోగం అండి, అందరికీ ధన్యవాదాలు. రెండు పేజీలు విడగొడతాను. ఇంకో రెండు సందేహాలు. హెడ్‌లైన్, బటన్ మీద మాటలు ఎలా ఉండాలో నమూనా ఇవ్వగలరా? ఈమెయిల్ సంగతి ఎవరూ చెప్పలేదు.

---

అక్షర_కాపీ:

సోషల్ పేజీకి: "ఫోన్‌లో డిలీట్ చేసిన ఫోటో క్లౌడ్‌లో కూడా ఎందుకు పోతుంది?" ఇది ప్రశ్న కాబట్టి దాని జవాబు మొదటి పేరాలోనే మొదలవ్వాలి. జవాబు చెప్పకుండా సాగదీస్తే నమ్మకం పోతుంది.

సెర్చ్ పేజీకి: "ఫోటో బ్యాకప్ ఎంచుకునే ముందు చూడాల్సిన నాలుగు విషయాలు". ఆ నాలుగూ నిజంగా తేడా తెచ్చేవై ఉండాలి. డిలీటైన ఫైల్‌ని ఎన్ని రోజులు ఉంచుతారు, అసలు నాణ్యతతో దాస్తారా లేక కుదిస్తారా, ఒక్క వీడియో ఎంత పెద్దదైనా తీసుకుంటారా, మొత్తం ఒకేసారి తిరిగి దించుకోవడం ఎలా. ఈ చివరిది ఆఫర్ పేజీల్లో చాలా అరుదుగా ఉంటుంది, మీరు స్క్రీన్‌షాట్లతో చూపిస్తే ఆ ఒక్క భాగం కోసమే పేజీ చదువుతారు. మీ సర్వీస్ ఏదో ఒకదాంట్లో వెనకబడి ఉంటే అదీ రాయండి.

బటన్ మీద "ఇప్పుడే మొదలుపెట్టండి" బదులు "ప్లాన్లు, ట్రయల్ షరతులు చూడండి" అనండి. నొక్కేవాళ్లు తగ్గుతారు, వెళ్లినవాళ్లు చూడడానికి సిద్ధపడి వెళ్తారు. బటన్ పైన ఒక లైన్: "తర్వాతి పేజీలో ఈమెయిల్, కార్డ్ వివరాలు అడుగుతారు. 14 రోజుల్లోపు రద్దు చేస్తే డబ్బు తీసుకోరు." చెకవుట్‌లో మీరు కళ్లతో చూసి ఉంటేనే ఇది రాయాలి. ఒకటి సగం పేజీ దాటాక, ఒకటి చివర, రెండు బటన్లు చాలు. మెనూ, సైడ్‌బార్, వేరే వ్యాసాల లింకులు తీసేయండి. సంస్థ వివరాలు, గోప్యతా విధానం, సంప్రదించే పేజీ మాత్రం ఉంచండి.

ఈమెయిల్ నా మటుకు వద్దంటాను. కొనడానికి తయారైన మనిషిని మధ్యలో ఆపితే కొందరు అక్కడే జారిపోతారు.

---

మెయిల్_వేదిక:

ఈ ఒక్క విషయంలో అక్షర గారితో విభేదిస్తాను. దారికి అడ్డంగా పెడితే నష్టమే, నిజం. కానీ ఇక్కడ కమీషన్ ట్రయల్ ముగిశాక వస్తుంది. ఆ 14 రోజులూ ఆ మనిషితో మాట్లాడే దారి మీకు లేకపోతే మిగతాదంతా కంపెనీ మెయిళ్ల దయ.

చివరి బటన్ కింద, ఇంకా నిర్ణయించుకోనివాళ్ల కోసం చిన్న ఫారం పెట్టండి, అడిగేది ఈమెయిల్ ఒక్కటే. బదులుగా మొదటి అప్‌లోడ్ చెక్‌లిస్ట్ ఇవ్వండి. తర్వాత నాలుగు మెయిళ్లు చాలు. మొదటి రోజు, అప్‌లోడ్ ఆగకుండా ఫోన్ సెట్టింగులు, ముఖ్యంగా బ్యాటరీ పొదుపు నుంచి యాప్‌ని మినహాయించడం. మూడో రోజు, ఒక ఫోటో కావాలని డిలీట్ చేసి తిరిగి తెచ్చుకునే పరీక్ష. తిరిగి రావడం కళ్లారా చూసినవాళ్లకి చందా ఎందుకో అర్థమవుతుంది. ఏడో రోజు, కంప్యూటర్‌లోని పాత ఫోల్డర్లు కలపడం. పన్నెండో రోజు, ట్రయల్ ఎప్పుడు ముగుస్తుంది, కొనసాగించాలంటే ఏం చేయాలి, వద్దనుకుంటే ఎలా రద్దు చేయాలి. చిక్కేమిటంటే ట్రయల్ వాళ్లు ఏ రోజు మొదలుపెట్టారో మీకు తెలియదు. మొదటి మెయిల్లోనే "ఈ రోజు మొదలుపెట్టాను" అనే లింక్ ఇచ్చి, దాన్ని నొక్కిన రోజు నుంచి మిగతా మూడూ లెక్కించండి.

మెయిల్లో అఫిలియేట్ లింక్ పెట్టొచ్చో లేదో ప్రోగ్రాం షరతుల్లో చూడండి, కొన్ని ఒప్పుకోవు. అలాంటప్పుడు లింక్ మీ పేజీకే ఇవ్వండి. ప్రతి మెయిల్లో అన్‌సబ్‌స్క్రైబ్ లింక్ తప్పనిసరి.

---

ట్రాకింగ్_దారి:

ఫారం పెట్టాలా వద్దా అన్నది పరీక్షతో తేల్చొచ్చు, కానీ ఎంత ట్రాఫిక్ కావాలో ముందు చూసుకోండి. ఉజ్జాయింపు సూత్రం: రెండు శాతాల సగటుని p అనుకుంటే (33 శాతమైతే 0.33 అని రాయాలి), 16 × p × (1 − p)ని తేడా వర్గంతో భాగించాలి. వచ్చేది ఒక్కో పేజీకి కావాల్సిన సంఖ్య, మామూలుగా వాడే 95 శాతం నమ్మకం, 80 శాతం పవర్ (నిజంగా తేడా ఉంటే అది బయటపడే అవకాశం) లెక్కన. సీటీఆర్ 30 నుంచి 36కి మారిందని తేల్చడానికి ఒక్కో పేజీకి సుమారు వెయ్యి మంది చాలు. అమ్మకం 3 శాతం నుంచి 4కి పెరిగిందని తేల్చాలంటే ఒక్కో పేజీకి 5,400 దాకా క్లిక్కులు కావాలి, అవీ ఆఫర్‌కి చేరినవి. అందుకే బటన్ రంగు లాంటి చిన్న మార్పుల మీద ట్రాఫిక్ వృథా చేయకండి. పరీక్షని పాత పేజీకీ కొత్త పేజీకీ మధ్య పెట్టండి, తేడా పెద్దదైతే తక్కువ సంఖ్యతోనే బయటపడుతుంది. పాతదాన్ని ముందు ఆపి కొత్తది తర్వాత నడపకండి. రెండూ ఒకే రోజుల్లో, ఒకే యాడ్ నుంచి, సగం సగం వెళ్లాలి. లేకపోతే వారాంతం తేడానో యాడ్ పాతబడడమో పేజీ ఖాతాలో పడుతుంది.

ఇంకొకటి, కంపెనీ చెప్పకుండా ఆఫర్ పేజీ మారుస్తుంది. ట్రయల్ 14 రోజుల నుంచి 7కి తగ్గిస్తే మీ బటన్ పైన ఉన్న లైన్ అబద్ధమైపోతుంది. వారానికోసారి ఫోన్‌లో, మీ బ్రౌజర్‌లోనూ, సోషల్ యాప్ లోపల తెరుచుకునే బ్రౌజర్‌లోనూ చెకవుట్ దాకా వెళ్లి చూడండి. ఆ లోపలి బ్రౌజర్‌లో కొన్ని చెల్లింపు పద్ధతులు తెరుచుకోవు. సోషల్ సబ్‌ఐడీల్లో మాత్రమే ట్రయళ్లు పడిపోతే మొదట అక్కడే చూడండి.